తీపి సెంటు: వ్యక్తిత్వం ఎవరిది?

మనిషి ఒంటికి రాసుకునే వాసనను బట్టి ఆ మనిషి స్వభావం చెప్పవచ్చన్న అభిప్రాయం చాలా పాతది. ఇవాళ దానికి వచ్చిన రూపం మాత్రం కొత్తది. వెనిల్లా, పాకం పట్టిన చక్కెర, చాక్లెట్, బాదం, తేనె - ఇలా తినుబండారాలను గుర్తుకు తెచ్చే వెచ్చని తీపి సెంట్లు ఇప్పుడు బజారులో ఒక ప్రత్యేక తరగతి. ఫ్రెంచివాళ్ళు తిండిప్రియుణ్ణి ‘గూర్మాన్’ అంటారు. ఆ మాటే ఈ తరగతికి పేరయింది. ఈ సెంటు వాడే స్త్రీ ఆప్యాయత గలదని, ఉదారమైన మనసు గలదని, మనుషులను దగ్గరకు తీసుకునే స్వభావం గలదని, అయినా కాస్త చిలిపిదని ప్రకటనలు చెబుతాయి. సీసా కొంటే వాసనతోపాటు ఒక వ్యక్తిత్వం కూడా చేతికి వస్తుందన్నమాట.

ప్రకటనలు అబద్ధాలు చెప్పడంలో వింతేమీ లేదు. ఆ సంగతి చెప్పడానికి ఒక వ్యాసం రాయనక్కరలేదు. కాని అదే అభిప్రాయం మన కథల్లోకీ, నవలల్లోకీ, చివరకు విమర్శలోకీ ఏ పరీక్షా లేకుండా వచ్చేస్తున్నప్పుడు సాహిత్య విద్యార్థులు దాన్ని పట్టించుకోక తప్పదు. పాత్ర గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక పరిమళాన్ని వర్ణించి, దానితోనే ఆ పాత్ర గుణగణాలు తేల్చేయడం రచయితకు సులువు. ఆ సులువు ఎక్కడి నుంచి వచ్చిందో, దాని వెనక ఏం మరుగున పడిందో చూడాలని నా ఉద్దేశం. అందుకోసం ఈ తీపి సెంట్లన్నిటికీ ప్రాణం లాంటి ఒక్క వాసనను, వెనిల్లాను, తీసుకుంటున్నాను.

నేను చెప్పదలచుకున్నది క్లుప్తంగా ఇది. ఒకే వాసనకు ఒక్కో కాలం ఒక్కో వ్యక్తిత్వాన్ని అంటగట్టింది. కనుక ఆ వ్యక్తిత్వం వాసనలో ఉన్నది కాదు. ఇక ఆ వాసనను పుట్టించిన చేతుల మాటకు వస్తే, వాటికి వ్యక్తిత్వం సంగతి అటుంచి పేరు దక్కడమే గగనమయింది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉంది.

‘కమ్మన’ అనే మాట

‘గూర్మాన్’ భావాన్ని తెలుగువాళ్ళకు కొత్తగా నేర్పవలసిన పని లేదు. మనకు ‘కమ్మన’ అనే మాట ఉంది. కమ్మని వంట అంటాం, కమ్మని తావి అంటాం. నోటికీ ముక్కుకీ ఒకే మాట. మన తాంబూలం ఇందుకు మంచి సాక్ష్యం. పచ్చకర్పూరం, జాజికాయ, ఏలకులు, కస్తూరి - నమిలేదీ అదే, పరిమళించేదీ అదే. మనుచరిత్రలో హిమాలయం మీద దారి తప్పిన ప్రవరుడికి దగ్గరలో ఒక స్త్రీ ఉన్నదని తెలిపింది కస్తూరీ కర్పూరమూ కలిసిన తాంబూలపు వాసనను మోసుకొచ్చిన గాలే. పదహారో శతాబ్దపు పెద్దన అక్కడ వాసనను ఎంత జాగ్రత్తగా వాడుకున్నాడో గమనించాలి. ఆ వాసన అక్కడొక స్త్రీ ఉన్నదని చెబుతుంది. ఆమెకు తీరికా సంపదా ఉన్నాయని కూడా చెబుతుంది. అంతకు మించి చెప్పదు. వరూధిని ఎటువంటిదో మనకు తెలిసేది ఆమె మాటల్లో, ఆమె పంతంలో, ఆమె దుఃఖంలో.

కామశాస్త్రాలది వేరే దారి. రతిరహస్యం వంటి గ్రంథాలు స్త్రీలను పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులు చేశాయి. పద్మినికి తామరపువ్వు వాసన, హస్తినికి ఏనుగు మదజలపు వాసన అంటగట్టాయి. వాసనను బట్టి జాతి, జాతిని బట్టి గుణం. స్త్రీని వస్తువులా ఎంచుకునే మగవాడి సౌకర్యం కోసం వేసిన పట్టిక ఇది. నేటి సెంటు ప్రకటన పెద్దన దారిలో నడవదు, ఈ పట్టికనే కొత్త సీసాలో పోసి అమ్ముతుంది. తేడా ఒక్కటే. అప్పుడు పట్టికను మగవాడి చేతికిచ్చారు. ఇప్పుడు స్త్రీ చేతికే ఇచ్చి, నీ జాతిని నువ్వే ఎంచుకో అంటున్నారు.

సుగంధ ద్రవ్యాల చరిత్ర రాసే పద్ధతి కూడా మనకు పాతదే. పద్నాలుగో శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరం చల్లించి ‘కర్పూర వసంతరాయలు’ అనిపించుకున్నాడు. ఆ సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. ఏ సరుకు ఏ దేశం నుంచి ఓడల మీద వచ్చిందో అవతారికలో వరసగా చెప్పాడు. రాజు పేరు నిలిచింది, సెట్టి పేరు నిలిచింది, కవి పేరు నిలిచింది. కర్పూరపు చెట్టును నరికిన మనిషి పేరు గాని, ఓడ నడిపిన కళాసీ పేరు గాని ఎక్కడా లేదు. ఇది శ్రీనాథుడి ఒక్కడి లోపమని నేననను. పరిమళం గురించి రాసేటప్పుడు అనుభవించేవాణ్ణీ, అమ్మేవాణ్ణీ చెప్పి ఊరుకోవడం అన్ని దేశాల్లోనూ రివాజు. వెనిల్లా చరిత్రలో ఆ రివాజు ఒకే ఒకచోట తప్పింది. ఆ కథ చెబుతాను.

పన్నెండేళ్ళ పిల్లవాడి బొటనవేలు

వెనిల్లా ఆర్కిడ్ జాతికి చెందిన ఒక తీగ. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. మెక్సికో తూర్పు తీరపు టోటోనాక్ ప్రజలకు అది తరతరాలుగా తెలిసిన పంట. అజ్‌టెక్ ప్రభువులు దాన్ని చాక్లెట్ పానీయంలో కలుపుకునేవారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ ఆక్రమణ తరవాత ఆ కాయ యూరప్ చేరింది. తీగను కూడా తీసుకుపోయి అద్దాల ఇళ్ళలో పెంచారు. పూలు పూసేవి, కాయలు కాసేవి కావు. ఆ పువ్వులో పుప్పొడికీ, అది చేరవలసిన చోటుకూ మధ్య ఒక పలచని పొర అడ్డంగా ఉంటుంది. పువ్వు తనంతట తాను కాయ కట్టలేదు. పుట్టింటి అడవిలో ఆ పని చేసిపెట్టే తేనెటీగలు పరాయి దేశాల్లో లేవు. 1836లో బెల్జియంలోని లియెజ్ నగరంలో షార్ల్ మోరెన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చేతితో పుప్పొడి అందించి కాయలు కాయించాడు. కాని ఆ పద్ధతి తోటల్లో పెద్ద ఎత్తున పనికివచ్చేది కాలేదు.

హిందూ మహాసముద్రంలో ఇవాళ రీయూనియన్ అని పిలిచే దీవిని అప్పట్లో ఫ్రెంచి రాజవంశం పేరుతో బూర్బాన్ అనేవారు. చెరకు, కాఫీ తోటలు, ఆ తోటల్లో ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ పట్టి తెచ్చిన బానిసలు - అదీ ఆ దీవి. అక్కడ సెంత్-సుజాన్ అనే ఊళ్ళో ఫెర్రియోల్ బెల్లియే-బోమాన్ అనే తోట యజమాని ఉండేవాడు. 1829లో పుట్టిన ఎడ్మండ్ అనే బానిస పిల్లవాడు అతని ఇంట తల్లి లేకుండా పెరిగాడు. పురిట్లోనే ఆమె చనిపోయింది. యజమానికి మొక్కల పిచ్చి. పిల్లవాణ్ణి వెంట తిప్పుకుంటూ, గుమ్మడి జాతి పాదుల్లో మగపువ్వును ఆడపువ్వుకు ఎలా తాకించాలో చూపించాడు. పిల్లవాడికి చదువు లేదు, చూపు ఉంది. 1841లో, పన్నెండేళ్ళ వయసులో, ఎన్నో ఏళ్ళుగా గొడ్డుపోయి ఉన్న వెనిల్లా తీగకు కాయలు కనబడ్డాయి. ఎలా వచ్చాయని యజమాని అడిగితే ఎడ్మండ్ చేసి చూపించాడు. సన్నని పుల్లతో పువ్వులోని అడ్డుపొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని నొక్కడం. కొన్ని క్షణాల పని. ఇవాళ్టికీ మెక్సికో బయట వెనిల్లా పండే ప్రతి తోటలోనూ ప్రతి పువ్వుకూ చేస్తున్నది సారాంశంలో అదే పని.

ఎడ్మండ్‌ను తోట తోటకూ తిప్పి మిగతా బానిసలకు నేర్పించారు. దీవిలో కొత్త సంపద పుట్టింది. 1848 డిసెంబరు 20న రీయూనియన్‌లో బానిసత్వం రద్దయింది. సుమారు 62 వేల మంది స్వేచ్ఛ పొందారు. అంతవరకు ఇంటిపేరు లేని ఎడ్మండ్‌కు అప్పుడు ఒక ఇంటిపేరు రాశారు - అల్బియస్. లాటిన్‌లో తెలుపు అని అర్థం వచ్చే మాటలోంచి తీసినది. నల్లవాడి ప్రతిభకు దొరతనం ఇచ్చిన మెచ్చుకోలు ఆ పాటిది. స్వేచ్ఛ వచ్చింది గాని, దానితోపాటు భూమి రాలేదు, డబ్బు రాలేదు. పట్నంలో వంటింటి పనివాడుగా చేరాడు. నగల దొంగతనం కేసులో కఠిన శిక్ష పడింది. దీవికి అతను చేసిన మేలు చూసి శిక్ష తగ్గించాలని పాత యజమాని అర్జీ పెట్టుకున్న మీదట గడువుకు ముందే విడుదలయ్యాడు. ఆ మేలుకు ప్రతిఫలంగా పింఛను ఇవ్వమన్న విన్నపం మాత్రం నెరవేరలేదు. 1880లో సెంత్-సుజాన్ ఆసుపత్రిలో కటిక పేదగా చనిపోయాడు.

ఇంకొక సంగతి సాహిత్య విద్యార్థులు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. ఎడ్మండ్ బతికి ఉండగానే జాన్ మిషెల్ క్లోద్ రిషార్ అనే పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడు, ఆ పద్ధతి తాను అంతకు ముందే దీవిలో చూపించాననీ, ఆ కుర్రవాడు చాటుగా చూసి ఉంటాడనీ వాదించాడు. బానిసకు చేతులే గాని బుద్ధి ఉండదన్న నమ్మకం ఆ వాదానికి పునాది. బెల్లియే-బోమాన్ దాన్ని ఖండిస్తూ రాతపూర్వకంగా సాక్ష్యం చెప్పాడు. మనకు ఎడ్మండ్ పేరు మిగలడానికి ఆ సాక్ష్యం ఒక ముఖ్యకారణం. అంటే ఒక శ్రమజీవి పేరు చరిత్రకెక్కాలంటే అతని యజమాని కాగితం మీద పెట్టవలసి వచ్చింది. అది కూడా లక్షల్లో ఒకరికి జరిగిన మాట. సరుకుకు మాత్రం ‘బూర్బాన్ వెనిల్లా’ అనే పేరు స్థిరపడింది. ఆ వంశం సింహాసనం పోయింది, దీవి పేరు మారింది. రాజుల పేరు ఇప్పటికీ డబ్బాల మీద ఉంది.

పచ్చికాయకు వాసన లేదు

వెనిల్లా పరిమళం ప్రకృతి ప్రసాదమని సెంటు ప్రకటనలు రాస్తాయి. తీగ మీద ఉన్న పచ్చికాయను వాసన చూస్తే ఏ పరిమళమూ ఉండదు. పువ్వు ఒక్క పూటే విచ్చుకుని ఉంటుంది. ఆ కొద్ది గంటల్లో చెయ్యి పడకపోతే రాలిపోతుంది. చెయ్యి పడితే కాయ ముదరడానికి దాదాపు తొమ్మిది నెలలు. కోసిన కాయను వేడినీళ్ళలో ముంచి, ఉన్ని దుప్పట్లలో చుట్టి చెమర్చనిచ్చి, వారాల తరబడి పగలు ఎండలో పరచి, సాయంత్రం లోపలికి తెచ్చి, తరవాత నెలల పాటు పెట్టెల్లో మగ్గబెడతారు. కాయలో చక్కెరతో ముడిపడి ఉన్న పదార్థం ఆ క్రమంలో విడివడి వెనిలిన్ అవుతుంది. అయిదారు కిలోల పచ్చికాయ ఎండి ఒక కిలో అవుతుంది. ఆ కిలో వెనక సుమారు 600 పూలను ఒక్కొక్కటిగా తాకిన చేతులుంటాయి. ఈ వాసనలో ప్రకృతి వాటా ఎంత, శ్రమ వాటా ఎంత అని ఎవరైనా అడిగితే చెప్పవలసిన జవాబు ఇదే: శ్రమ తాకనంతవరకు వాసనే లేదు.

ఈ దీవి కథలో మనవాళ్ళు కూడా ఉన్నారు. బానిసత్వం రద్దు కాకముందే, 1828లో, గోదావరి తీరాన ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం నుంచి ఒప్పందపు కూలీల తొలి జట్టు బూర్బాన్ దీవికి ఓడెక్కింది. ఫ్రెంచి కాగితాలు వాళ్ళను ‘తెలింగాలు’ అన్నాయి. రద్దు తరవాత బానిసల స్థానంలో కూలీలు కావలసి వచ్చింది. 1860-61లో ఫ్రాన్సు బ్రిటన్‌తో ఒప్పందాలు చేసుకుని మన తీరం నుంచి మనుషులను పట్టుకుపోవడం ముమ్మరం చేసింది. 1882లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఆపేంతవరకు ఆ రాకపోకలు సాగాయి. వాళ్ళలో ఎక్కువమంది పనిచేసింది చెరకు తోటల్లోనే. అయినా ఆ దీవి తీపి ఎగుమతులకు, చక్కెరైనా వెనిల్లా అయినా, ఎవరి వెన్నెముక ఊతంగా ఉన్నదో మాట్లాడేటప్పుడు గోదావరి ఒడ్డు మనుషులను మరచిపోకూడదు. ఓడెక్కినవాళ్ళ పేర్లు కూలీల చిట్టాల్లో ఉంటే ఉంటాయి. మన సాహిత్యంలో లేవు.

ఒకే వాసన, మూడు వ్యక్తిత్వాలు

1874లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ఫెర్డినాండ్ టీమన్, విల్హెల్మ్ హార్మన్ వెనిలిన్ నిర్మాణాన్ని కనిపెట్టి, పైన్ జాతి చెట్ల రసం నుంచి దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. హోల్జ్‌మిండెన్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ వెలిసింది. తరవాతి శతాబ్దంలో కాగితపు మిల్లుల్లో మిగిలే వ్యర్థద్రవం నుంచీ, ఆ తరవాత పెట్రోలియం సంబంధమైన ముడిపదార్థాల నుంచీ వెనిలిన్ చేశారు. పాత పుస్తకం తెరిస్తే లీలగా తగిలే తీపి వాసనకు కూడా కాగితంలోని కలప పదార్థం విరిగి పుట్టే వెనిలిన్ ఒక కారణం. ఇవాళ ప్రపంచం వాడే వెనిల్లా రుచిలో నిజమైన కాయ నుంచి వచ్చేది నూటికి ఒక వంతు మించదు. ప్రభువుల పాత్రలోని రుచి ఈ విధంగా సామాన్యుడి బిస్కట్టులోకి, ఐస్‌క్రీములోకి వచ్చింది. ఇది మంచి పరిణామమే. కాని చౌకబడిన వాసనకు మళ్ళీ ఖరీదు తేవాలంటే వ్యాపారికి ఇంకొకటి కావాలి. ‘వ్యక్తిత్వం’ అక్కడ రంగప్రవేశం చేసింది.

మొదటి ఘట్టం 1889. ఐఫెల్ టవర్ లేచిన ఏడాది. పారిస్‌లో ఎమే గెర్లాన్ ‘జికీ’ అనే సెంటు తయారుచేశాడు. లావెండరుతో పాటు కొత్త రసాయనాలైన కౌమరిన్, వెనిలిన్ అందులో ఉన్నాయి. అంతవరకు సెంటు అంటే ఒక పువ్వు పేరు, ఆ పువ్వు వాసన. ఇది ఏ పువ్వు వాసనా కాదు. దీన్ని మొదట్లో మగవాళ్ళే ఎక్కువగా ఆదరించారని, ఆడవాళ్ళకు రుచించడానికి చాలాకాలం పట్టిందని ఆ రంగపు చరిత్రకారులు చెబుతారు. అప్పటికి అయిదేళ్ళ ముందే, 1884లో, హ్యూస్మాన్స్ తన ‘ఆ రెబూర్’ నవలలో లోకం మీద విసుగెత్తి, ఇంట్లో తలుపులు వేసుకుని వాసనలను కూర్చుకునే కులీన యువకుణ్ణి చిత్రించాడు. ఆ వాతావరణంలో కృత్రిమమైన పరిమళం విలాసపురుషుడి చిహ్నం. అంటే నేడు ‘ఆప్యాయత గల స్త్రీ’ వాసన అని అమ్ముతున్న వెనిలిన్ తొలి వ్యక్తిత్వం మగది, చల్లనిది, తలబిరుసుది.

రెండో ఘట్టం 1925. పారిస్ అలంకార కళల ప్రదర్శనలో గెర్లాన్ సంస్థ ‘షాలిమార్’ను ప్రదర్శించింది. తయారుచేసింది జాక్ గెర్లాన్. వెనిలిన్ కంటే ఘాటైన ఎథిల్ వెనిలిన్ దాని బలం. ఇప్పుడు అదే తీపికి తూర్పుదేశపు మోహిని వ్యక్తిత్వం వచ్చింది. షాజహాన్, ముంతాజ్‌ల ప్రణయానికి సాక్షి అయిన ఉద్యానం పేరు పెట్టామని కథ అల్లారు. ఈ కథను చరిత్ర ముందు పెట్టి చూడండి. లాహోర్ షాలిమార్ తోట షాజహాన్ కట్టించినదే, కాని అది 1641-42 నాటిది. ముంతాజ్ 1631లోనే, బుర్హాన్‌పూర్‌లో, పద్నాలుగో కాన్పులో చనిపోయింది. శ్రీనగర్ షాలిమార్ ఆమె బతికి ఉండగా వేసినదే, కాని అది 1619లో జహంగీర్ నూర్జహాన్ కోసం వేయించిన తోట. పద్నాలుగు కాన్పులతో ప్రాణం పోగొట్టుకున్న ఒక స్త్రీ జీవితాన్ని తీపి ప్రణయగాథగా మార్చి సీసాలో పోశారు. అదే సమయంలో ఆ తోటలున్న దేశం ఇంగ్లీషువాడి పాలనలో ఉంది. దేశం ఎవరి చేతిలో ఉంటే దాని స్త్రీని గురించి కథ చెప్పే హక్కు వాళ్ళు తీసుకున్నారు.

ఈ జాతి సెంట్లకు ‘ఓరియంటల్’ అనే తరగతి పేరు చాలాకాలం నడిచింది. ఈమధ్య సంవత్సరాల్లో విమర్శలు వచ్చి, ఆ రంగంలో పలువురు దాని స్థానంలో ‘ఆంబర్’ అనే పేరు వాడుతున్నారు. మన సంబంధం ఆ పేరుకంటే పాతది. పందొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరు శాలువలకు పురుగు పట్టకుండా పచౌలీ ఆకు వేసి ఓడలకెక్కించేవారు. యూరప్ స్త్రీలు ఆ వాసన ఉంటేనే అసలు శాలువ అని నమ్మడంతో, అక్కడి నకిలీ శాలువలకూ పచౌలీ పూశారు. నేత నేసినవాడి నైపుణ్యాన్ని కంటితో గుర్తించలేనివాళ్ళు, పురుగుల మందు వాసనతో గుర్తించారు.

మూడో ఘట్టం 1992. తియెరీ ముగ్లేర్ పేరుతో ‘ఏంజెల్’ వచ్చింది. తయారుచేసినవాడు ఒలివియే క్రెస్ప్. పీచుమిఠాయి వాసన గల ఎథిల్ మాల్టాల్‌ను, వెనిల్లాను, చాక్లెట్ ఛాయను, అదే పచౌలీని పెద్ద మోతాదులో కలిపాడు. ‘గూర్మాన్’ తరగతికి ఇది మొదలని సాధారణంగా చెబుతారు. ఈసారి వ్యక్తిత్వం తూర్పుదేశపు మోహినిది కాదు. తిరునాళ్ళలో మిఠాయి కోసం చెయ్యి చాపే పసిపిల్లది. ముగ్లేర్ తన చిన్ననాటి తిరునాళ్ళ జ్ఞాపకాలే ఈ సెంటుకు మూలమని చెప్పుకున్నాడు. అప్పటినుంచి తీపి సెంటు అంటే బాల్యం, ఇల్లు, అమ్మ వంటిల్లు, ఆప్యాయత.

నూరేళ్ళలో ఒకే కుటుంబపు వాసన మొదట మగ విలాసి, తరవాత మోహిని, ఆ తరవాత అమాయకురాలు అయింది. ఇందులో ఏది నిజమైన స్వభావం? ఏదీ కాదన్నదే నా సమాధానం. ప్రతి కాలమూ తన పైతరగతికి కావలసిన మనిషిని ఊహించుకుని, ఆ ఊహను వాసనకు అంటించింది.

అభ్యంతరానికి జవాబు

ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం ఉంది. వాసనకూ మనసుకూ సంబంధమే లేదా? అమ్మ చేసిన పాయసం వాసన తగిలితే గొంతు పట్టేసేది అబద్ధమా? కాదు. ఆ సంబంధం నిజం. అయితే అది పుట్టుకతో వచ్చిన స్వభావానిది కాదు, గడిచిన జీవితానిది. జర్మనీలో పసిపిల్లల డబ్బాపాలలో వెనిలిన్ కలిపే అలవాటు ఉండేది. 1999లో వెలువడిన ఒక పరిశోధనలో, డబ్బాపాలు తాగి పెరిగిన పెద్దలు ఎక్కువమంది వెనిలిన్ కలిపిన టమాటా కెచప్‌ను ఇష్టపడ్డారు. తల్లిపాలు తాగినవాళ్ళలో ఎక్కువమందికి మామూలుదే నచ్చింది. మన ‘సహజమైన’ ఇష్టాల్లో కొన్ని ఒక ఫ్యాక్టరీ నిర్ణయం నుంచి పుట్టినవన్నమాట. ఇష్టం మనదే, దాని చరిత్ర మాత్రం మనం రాసింది కాదు.

అలాగే, నెల జీతంలో మిగిల్చి ఒక చిన్న సీసా కొనుక్కునే ఉద్యోగిని మీద నాకు చిన్నచూపు లేదు. రోజంతా ఇతరుల కోసం పనిచేసిన ఒళ్ళు సాయంత్రం కాసేపు తనకోసం పరిమళించాలనుకోవడం మానవసహజం. సుఖాన్ని ఏవగించుకోవడం అభ్యుదయం కాదు. ఆమె కోరికను నేను తప్పుపట్టడం లేదు. ఆ కోరికకు తగిలించిన చీటీని ప్రశ్నిస్తున్నాను. ఆమె ఆప్యాయత ఆమెది. దాన్ని సీసా ఇవ్వలేదు, సీసా తీసేసినా పోదు.

చీటీ ప్రమాదకరమైనది ఎందుకంటే దానికి రెండో వైపు ఉంది. తీపి వాసన మంచి మనసుకు గుర్తయితే, చెమట వాసన దేనికి గుర్తు? తోలు పనివాడి ఒంటి వాసన, చేపల గంప మోసే మనిషి కొంగు వాసన దేనికి గుర్తు? మన సమాజం ఈ ప్రశ్నకు చాలా కాలం కిందటే జవాబిచ్చి, ఆ జవాబు మీద వాడలు విడదీసింది. మన భాషలోనే సాక్ష్యముంది. పాత కావ్యాల్లో ‘కంపు’ అంటే పరిమళం కూడా. ఇవాళ ఆ మాట దుర్వాసనకే మిగిలింది. మాట దిగజారిన తీరుకు భాషాశాస్త్ర కారణాలు వేరే ఉండవచ్చు. కాని ఒకే మాట ఒక ఒంటికి పరిమళంగా, మరొక ఒంటికి రోతగా చెల్లగలదన్న సంగతి కథ రాసేవాళ్ళకు గుర్తుండాలి.

ఈ మధ్య కొత్తగా రాస్తున్నవారి కథలు ఒక కట్టగా చదివాను. అందులో చదువుకున్న నాయికలందరికీ పరిమళాలున్నాయి. వాళ్ళ ఇళ్ళల్లో పనిచేసే మనుషులకు వాసన ఉన్నది రెండు కథల్లోనే. ఆ రెండు చోట్లా కథకుడు ముక్కు చిట్లించాడు. ఆ యువకులు దురుద్దేశంతో అలా రాశారని నేననుకోను. ముక్కు ఏది పరిమళమంటే కలం దాన్నే రాసింది. ముక్కుకు నేర్పినదెవరో కలం అడగలేదు.

రచయిత ఏం చెయ్యాలి

వాసనను సాహిత్యం నుంచి వెలివేయమని నా సలహా కాదు. పెద్దన చూపిన హద్దు చాలు. వాసన మనిషి ఉనికిని చెప్పవచ్చు, స్థితిని చెప్పవచ్చు, చేసే పనిని చెప్పవచ్చు, గడిచిన రోజును చెప్పవచ్చు. స్వభావం చెప్పే పని మాత్రం దానికి అప్పగించకూడదు. ఆ పని పాత్ర నడతది. తీపి సెంటు పూసుకున్న పాత్రను ప్రవేశపెడితే ఆ సీసా ఎంతకు కొన్నదో, ఆ డబ్బు ఎలా వచ్చిందో, ఎవరి కోసం పూసుకుందో చెప్పడం వల్ల పాత్రకు ఒడ్డూ పొడుగూ వస్తాయి. ఆప్యాయురాలు అని వాసన చేత చెప్పిస్తే ఆ పాత్ర ప్రకటనలోని బొమ్మ అవుతుంది.

ఇక మన విమర్శ చెయ్యవలసిన పని ఇంకొకటి ఉంది. ఇవాళ ప్రపంచపు సహజ వెనిల్లాలో అధిక భాగం మడగాస్కర్ ఈశాన్య తీరపు చిన్న రైతులు పండిస్తున్నది. 2017లో ఎనావో తుఫాను తోటలను దెబ్బకొట్టింది. 2018లో ఎండు వెనిల్లా కిలో ధర 600 డాలర్లకు చేరి, తరవాత కొద్ది ఏళ్ళలోనే కుప్పకూలింది. ధర పెరిగినప్పుడు తోటల్లో దొంగలు పడ్డారు. ధర పడినప్పుడు రైతు అప్పుల్లో పడ్డాడు. దొంగల భయంతో అక్కడి రైతులు ఒక పని చేస్తారు. కాయ తీగ మీద పచ్చిగా ఉండగానే సూదులు గుచ్చిన చిన్న ముద్రతో దాని మీద తమ గుర్తు వేస్తారు. కాయ ఎండి నల్లబడినా ఆ చుక్కలు పోవు. కొన్నవాడు వేలితో తడిమి ఇది ఫలానా రైతుదని చెప్పగలడు.

ఎడ్మండ్ పేరును నిలపడానికి ఒక యజమాని సాక్ష్యం కావలసి వచ్చింది. ఈ రైతులు తమ పేరును తామే కాయ మీద రాసుకుంటున్నారు. ఆ రాత ఎగుమతిదారు గోదాము దాకా ఉంటుంది. కాయను నలిపి సారం తీసిన చోట మాసిపోతుంది. సీసా మీద ఒక సంస్థ పేరు, ఒక నిపుణుడి పేరు, కొన్నవారికి అప్పు ఇచ్చిన ఒక వ్యక్తిత్వం మిగులుతాయి. పరిమళం గురించి రాసే ప్రతి తెలుగు రచయితా ఆ సూది చుక్కల దాకా వెనక్కి వెళ్ళి చదవాలని నా కోరిక. మనిషి ఎవరో చెప్పగల అక్షరాలు అక్కడ ఉన్నాయి.